కుక్కలతో వాకింగ్‌కి బటన్ గొడుగు: వాడి చూశాక నా మాట

విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి లాసన్స్ బే వైపు మా రెండు కుక్కల్ని ఉదయాన్నే తిప్పుతాను. దారిలో ఒక కుక్క, మెడకి పట్టీ ఉంటుంది గానీ గొలుసు ఉండదు, యజమాని అసలే కనపడడు, మా రెండు కుక్కల్లో చిన్నదాని మీదకి దూసుకొచ్చేది. రోజూ అదే టెన్షన్. అందుకే బటన్ నొక్కగానే తెరుచుకునే పెద్ద నల్ల గొడుగు కొన్నాను, నిజంగా బాగా పనిచేస్తోంది. ఆ కుక్క దూరంగా ఉండగానే దానివైపు గొడుగు తెరిస్తే ఆ చప్పుడుకి, ఎదురుగా హఠాత్తుగా లేచిన తెరకి ఆగిపోతుంది, పైగా మన కుక్కలు దాని కంటికి కనపడవు కాబట్టి ఊపు అక్కడే సగం తగ్గుతుంది. ఈలోగా పరిగెత్తకుండా మెల్లగా పక్కకి తప్పుకోవాలి.

ముందు ఇంట్లో మన కుక్కలకి గొడుగు అలవాటు చేయండి, దూరంగా తెరిచి ప్రతిసారీ తినడానికేదైనా పెడుతూ. లేకపోతే మనవే బెదిరిపోయి లీష్ లాగేస్తాయి.

మీదకొచ్చే కుక్కని ఘాటు వాసనతో ఆపే సిట్రోనెల్లా స్ప్రే లోపలి వీధుల్లో ఫర్వాలేదు, బీచ్ రోడ్డులో మాత్రం సముద్రపు గాలికి మన మొహానికే కొడుతుంది. గొడుక్కీ ఆ గాలితో ఇబ్బందే, అందుకని ఫైబర్‌గ్లాస్ ఊచలున్నదే తీసుకోండి. సాగే లీష్ వద్దు, పొట్టిదే మేలు.

ఎంత జాగ్రత్తపడినా మనిషిని కరిస్తే, చిన్న గీత పడినా సరే, 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి వెంటనే కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి.