మతేరాలో గుహ గది బుక్ చేసే ముందు

గుహ గదికి రాత్రికి 140 యూరోలు కట్టి, పొద్దున లేచేసరికి కప్పుకున్న దుప్పటి కూడా చెమ్మగా తగిలితే ఎవరికైనా కడుపు మండుతుంది. నాకూ మండింది. దక్షిణ ఇటలీలోని మతేరా లాంటి ఊరిని నేను మళ్ళీ చూడలేనేమో, అంత గొప్పగా ఉంది. అక్కడ మాకు దొరికిన మొదటి బస మాత్రం అంత అన్యాయంగా ఉంది. మ్యూనిక్‌లో మాకు తెలిసిన తెలుగు కుటుంబాలు రెండు మూడు మేం చూసిన గుహ గదుల ఫోటోలే చూసి అలాంటి గదులకే డబ్బు కట్టబోతున్నాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

అక్టోబరు సెలవుల్లో మా ఆయన, నేను, మా అబ్బాయి, తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు కలిసి బయల్దేరాం. విమానంలో బారి దాకా, అక్కడి నుంచి రైలు. ఈ రైలు బారి సెంట్రల్ స్టేషన్‌లో దొరకదు. దాని పక్కనే వేరే భవనంలోంచి ఎఫ్.ఎ.ఎల్. అనే ప్రాంతీయ సంస్థ నడిపే చిన్న నారోగేజ్ రైలు అది. టికెట్ తలకు అయిదు యూరోలకు అటూ ఇటూ. ఆల్తమూరాలో రైలు రెండుగా విడిపోయి కొన్ని పెట్టెలు గ్రవీనా అనే వేరే ఊరి వైపు వెళ్తాయి కాబట్టి ఎక్కేటప్పుడే మతేరా పెట్టె ఏదో అడిగి కూర్చోండి. దారంతా ఆలివ్ తోటలు, రాతి గోడలు. ప్రయాణం హాయిగా జరిగిపోయింది.

మతేరా సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తులో, గ్రవీనా అనే లోతైన లోయ అంచున ఉంది. అక్కడి సున్నపురాయి మెత్తనిది, పలుగుతో తొలిచేంత మెత్తన. వేల ఏళ్ళుగా మనుషులు ఆ రాతిని తొలుస్తూ లోపల ఇళ్ళు, చర్చిలు, పశువుల కొట్టాలు, నీటి తొట్లు చేసుకున్నారు. తొలిచిన రాయితోనే ముందు గోడలు కట్టుకున్నారు. ఈ గుహల పేటలను సాస్సి అంటారు. ఉత్తరం వైపుది సాస్సో బరిసానో, దక్షిణం వైపుది సాస్సో కవేయోసో. రెండింటి మధ్య చివితా అనే గుట్ట మీద కథీడ్రల్ ఉంది. సాస్సి పైన, చదునుగా ఉన్న కొత్త ఊరిని పియానో అంటారు. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోండి, బస విషయంలో అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

మేం బుక్ చేసిన గది సాస్సో బరిసానోలో, బాగా దిగువన. "కారు గుమ్మం దాకా వస్తుంది" అని యజమాని రాతపూర్వకంగా చెప్పాడు. సాస్సిలోకి అనుమతి లేని వాహనాలు పోకూడదు. టాక్సీ అతను పైనే దించేసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మెట్లు చూసి అత్తయ్యగారి ముఖం వాడిపోయింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఆ సంగతి కూడా మేం ముందే రాశాం. యజమానికి ఫోన్ చేస్తే సామానుకీ అత్తయ్యగారికీ కలిపి 30 యూరోలకు ‘ఆపే’ రకం ఆటో పంపిస్తానన్నాడు. అవును, మన ఊళ్ళలో తిరిగే ఆపే ఆటోలే. ఇటలీకి చెందిన పియాజియో కంపెనీ 1948లో మొదలుపెట్టిన బండి అది. మతేరాలో టూరిస్టులను తిప్పేది కూడా వీటిలోనే. మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు గానీ, మా ఆయన ఆ 30 యూరోలు ఇస్తూ పెదవి విప్పలేదు. ఆయన కోపం అలాగే ఉంటుంది.

గది ఫోటోల్లో ఉన్నట్టే అందంగా ఉంది. తెల్లటి రాతి కప్పు, గూళ్ళలో కొవ్వొత్తులు, లోపల చిన్న నీటి తొట్టి. కిటికీ మాత్రం లేదు. గాలి, వెలుతురు అన్నీ ఒక్క తలుపులోంచే రావాలి. మూల ఒక తేమ లాగే మిషన్ గుర్రుగుర్రుమంటూ తిరుగుతోంది. రాత్రి ఆ చప్పుడుకి నిద్ర పట్టక ఆపితే, తెల్లారేసరికి చీరలు, పక్కబట్టలు, అబ్బాయి పుస్తకాలు అన్నీ చెమ్మ పట్టాయి. మంచం వెనక గోడ మీద నల్లటి బూజు, దాన్ని కప్పుతూ పెద్ద దిండు. అత్తయ్యగారికి తెల్లవారుజామున మొదలైన దగ్గు మధ్యాహ్నం దాకా ఆగలేదు. యజమానిని పిలిచి చూపిస్తే, గుహ అంటే ఇలాగే ఉంటుంది, ఇదే అసలైన అనుభవం అన్నాడు. పైగా టూరిస్ట్ పన్ను అంటూ 40 యూరోలు చేతికి నగదుగా ఇమ్మన్నాడు. మా ఆయన రసీదు ఇస్తేనే ఇస్తానని పట్టుబట్టగానే ఆ లెక్క 24 అయింది.

మేం మూడు రాత్రులకు ముందే 420 కట్టాం. మర్నాడే ఖాళీ చేసి, గోడ ఫోటోలన్నీ పెట్టి బుకింగ్ సైట్‌కి ఫిర్యాదు చేశాం. మూడు వారాల తర్వాత 140 తిరిగొచ్చింది. మిగతాది పోయినట్టే. బూజు ఫోటోలు తేదీ పడేలా తీసి ఉంచకపోతే ఆ మాత్రం కూడా వచ్చేది కాదు. మీరూ సంచి దించే ముందే గది మొత్తం వీడియో తీసుకోండి.

ఆ చెమ్మ ఎక్కడిదో నాకు మర్నాడు ఊరు చూస్తుంటే అర్థమైంది. పియానోలోని విత్తోరియో వెనెతో కూడలి కింద పలోంబారో లుంగో అనే భూగర్భ జలాశయం ఉంది. 16వ శతాబ్దం నుంచి దశలవారీగా తొలిచారు, సుమారు 50 లక్షల లీటర్లు పడుతుంది. జనం దాన్ని పూర్తిగా మర్చిపోయాక 1991లో మళ్ళీ బయటపడింది. ఇనుప వంతెన మీద నడుస్తూ పైకి చూస్తే రాతి కప్పు దేవాలయంలా లేచి ఉంటుంది. గోడలకు నీరు ఇంకకుండా వేసిన గచ్చు ఇప్పటికీ నున్నగా ఉంది, నీటి మట్టాల గీతలు కనిపిస్తాయి. మా అబ్బాయి ఊరంతటిలోకీ ఇదే బాగుందన్నాడు. నేనూ అదే అంటాను. టికెట్ తక్కువ, సమయం ముందుగా రాయించుకోవాలి.

ఒకప్పుడు సాస్సిలో ప్రతి వాన చుక్కకీ లెక్క ఉండేది. ఇంటి కప్పుల మీద పడ్డ నీరు కాలువల్లోంచి కింది తొట్లలోకి, అవి నిండితే ఇంకా కింది తొట్లలోకి దిగేది. కొన్ని ఇళ్ళకు కలిపి ఒక ఉమ్మడి వాకిలి ఉండేది. జనం పెరిగి ఇరుకైపోయాక ఆ తొట్లనూ, పశువుల కొట్టాలనూ ఇళ్ళుగా మార్చుకున్నారు. గాలి రాని చోట్లలో మనుషులు, పశువులు కలిసి బతకాల్సి వచ్చింది. రెండు సాస్సిల అడుగున మురుగునీటి వాగులు పారేవి, 1930లలో వాటిని కప్పేసి రోడ్లు వేశారు. మాకు ఇచ్చిన గది అలాంటి రోడ్డుకి ఆనుకునే ఉంది. అడుగుకి పోయేకొద్దీ చెమ్మ ఎక్కువ. ఇది ఆ యజమానికి తెలియకుండా ఉండదు.

సాస్సో కవేయోసోలో వీకో సొలితారియో దగ్గర పాత గుహ ఇంటిని సామానుతో సహా ప్రదర్శనకు ఉంచారు. ఒక్కటే గది. అందులోనే ఎత్తైన మంచం, మగ్గం, నీటి తొట్టి, వెనక కంచర గాడిదకు చోటు. మంచం అంత ఎత్తు ఎందుకంటే చెమ్మ తగలకుండా, కింద కోళ్ళు ఉండేందుకు. గాడిద కుటుంబానికి ఉన్న ఒకే ఆస్తి, చలికాలంలో దాని ఒంటి వేడి గదికి ఆసరా. అత్తయ్యగారు ఆ మంచం దగ్గర చాలాసేపు నిలబడి, "ఇంత చెమ్మలో పిల్లల్ని ఎట్లా సాకారో ఆ తల్లులు" అన్నారు. రాత్రంతా ఆ చెమ్మలో దగ్గిన మనిషి అన్న మాట అది.

బయటి ప్రపంచానికి ఈ సంగతి తెలిసింది కార్లో లేవి వల్ల. డాక్టరు, చిత్రకారుడు. ముస్సోలినీ ప్రభుత్వం 1935లో ఆయన్ని ఈ ప్రాంతానికి ప్రవాసం పంపింది. ఇక్కడి పేదరికం, మలేరియా గురించి 1945లో ఆయన రాసిన పుస్తకంతో దేశంలో గగ్గోలు పుట్టింది. 1950లో ప్రధాని దె గాస్పెరి స్వయంగా వచ్చి చూశాడు. 1952లో ప్రత్యేక చట్టం చేసి సుమారు 15,000 మందిని లా మర్తెల్లా, సెర్రా వెనెర్ది లాంటి కొత్త కాలనీలకు తరలించారు. సాస్సి ఖాళీ అయి, మూతపడింది. 1986లో బాగుచేత చట్టం, 1993లో యునెస్కో గుర్తింపు, 2019లో యూరోపియన్ సాంస్కృతిక రాజధాని హోదా. జనం ఖాళీ చేసిన గుహలే ఇప్పుడు హోటళ్ళు. బాగుచేసి అద్దెకివ్వడాన్ని నేను తప్పుపట్టను, దానివల్లే ఊరు నిలిచింది. కానీ ప్రభుత్వం ఏ చెమ్మ మనుషులు ఉండడానికి పనికిరాదని చట్టం చేసిందో, ఆ చెమ్మనే అనుభవం పేరుతో అమ్మడం మోసం. పలాజో లాన్‌ఫ్రాంకీ అనే మ్యూజియంలో లేవి గీసిన లుకానియా 61 అనే 18 మీటర్లకు పైగా పొడవున్న బొమ్మ ఉంది. గుహ గది తీసుకున్నా లేకపోయినా దాన్ని మాత్రం చూసి రండి.

రెండో బస పియానోలో, విత్తోరియో వెనెతో కూడలికి నడక దూరంలో. రాత్రికి 95 యూరోలు, లిఫ్ట్ ఉంది, పెద్ద కిటికీలు, పొద్దున టిఫిను కూడా అందులోనే. ఇంటావిడకి డెబ్భై ఏళ్ళు ఉంటాయి. మేం అడక్కుండానే మా తడి బట్టలన్నీ తీసుకుని మేడ మీద ఆరేసింది. కూతురు ఇంగ్లీషులోకి మారుస్తుంటే చెప్పింది, వాళ్ళ కుటుంబాన్ని సాస్సి నుంచి సెర్రా వెనెర్దికి తరలించారట. తండ్రి చచ్చేదాకా పాత వాకిలిని, ఇరుగుపొరుగుని తలుచుకునేవాడట. తల్లి మాత్రం కుళాయి ఉన్న ఇంటిని వదిలి ఒక్కరోజు కూడా వెనక్కి వెళ్దామనలేదట. అత్తయ్యగారికి ఇది అందరికంటే ముందు అర్థమైంది. భాష రాని ఇద్దరూ వంటింట్లో గంట కూర్చున్నారు. ఆ సాయంత్రం నుంచి అత్తయ్యగారి దగ్గు, మా ఆయన మౌనం రెండూ తగ్గాయి.

తిండి సంగతి. సాస్సి వ్యూ ఉన్న టెర్రస్ హోటల్లో మొదటి రాత్రి నలుగురికి 96 యూరోలైంది, చల్లారిన పీజా, ఉప్పు లేని పాస్తా. వ్యూ కోసం తినడానికి కూర్చోకండి. ఇంటావిడ పంపిన చిన్న హోటల్లో నలుగురం కడుపునిండా తిన్నది 53 యూరోలకు: క్రపియాతా 10, ఫావె ఎ చికోరియె 9, రెండు కవతెల్లి పాస్తాలు 24, కూర్చున్నందుకు తలకు 2 చొప్పున 8, నీళ్ళు 2. క్రపియాతా అంటే గోధుమలు, శనగలు, బఠానీలు, చిక్కుళ్ళు, బంగాళాదుంపలు అన్నీ కలిపి ఉడికించిన చిక్కటి పులుసు. పంట అయ్యాక ఆగస్టు 1న ఇరుగుపొరుగు ఇళ్ళన్నీ తలా పిడికెడు గింజలు తెచ్చి ఒకే కుండలో వండుకునే వంట. ఫావె అంటే మెత్తగా మెదిపిన బాకలా (పెద్ద చిక్కుడు) గింజల ముద్ద, పక్కన చేదుగా చికోరీ ఆకుకూర, పైన ఆలివ్ నూనె. కవతెల్లి మీద పెపెరోనీ క్రుస్కీ వేశారు. ఎండబెట్టిన ఎర్ర మిరపకాయల్ని నూనెలో ఒక్క క్షణం వేయించి తీస్తారు, కారం ఉండదు. అత్తయ్యగారు నోట్లో వేసుకుని, "ఇవి మన చల్లమిరపకాయలేనే అమ్మాయ్, మజ్జిగలో వెయ్యడం మర్చిపోయారు" అని ఇంకో గిన్నె తెప్పించుకున్నారు. పక్కా శాకాహారులకు ఇంత సుఖమైన ఊరు ఇటలీలో నాకు ఇంకోటి తగల్లేదు. "సెన్సా కార్నె, సెన్సా పెషె" అంటే మాంసం, చేప వద్దని. అది చెప్పి, పంది కొవ్వు వేశారా అని కూడా అడగండి.

మతేరా రొట్టె తప్పక కొనండి. గట్టి రకం గోధుమ రవ్వతో చేసి పుల్లటి పిండితో పులియబెడతారు, పైన మందమైన పెంకు, లోపల పసుపు. మేం కిలో 4 యూరోలకు కొన్నది మ్యూనిక్ వచ్చాక కూడా బాగానే ఉంది. ఊరంతా ఉమ్మడి పొయ్యిలో కాల్చుకునే రోజుల్లో ఎవరి రొట్టె ఏదో తెలియడానికి పిండి మీద ఇంటి పేరు అక్షరాల చెక్క ముద్ర వేసేవారు. ఆ ముద్రలు ఇప్పుడు దుకాణాల్లో అమ్ముతారు.

మిగతావి త్వరగా చెప్తాను. కథీడ్రల్ 13వ శతాబ్దంలో కట్టింది, 52 మీటర్ల గంట గోపురం, లోపల మదోన్నా దెల్లా బ్రూనా అని పిలిచే మేరీమాత చిత్రం. జూలై 2న ఆవిడ పండగలో కాగితపు గుజ్జుతో చేసిన రథాన్ని ఊరేగించి రాత్రికి జనమే ముక్కలు ముక్కలుగా పీకేస్తారు. ఊరి పైన సగంలో ఆగిపోయిన కోట ఉంది. కట్టించిన త్రమొంతానో ప్రభువు పన్నులతో జనాన్ని పీడిస్తుంటే 1514 డిసెంబరు 29న కథీడ్రల్ బయట చంపేశారు. లోయ మీది వేలాడే వంతెన దాటి అవతలి ముర్జా గుట్ట ఎక్కితే సాస్సి మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. మా ఆయన, అబ్బాయి వెళ్ళొచ్చారు. మోకాళ్ళు బాగున్నవాళ్ళే వెళ్ళండి, తిరుగు ఎక్కుడు చాలా కష్టం.

సాస్సిలోనే ఉండాలని మనసు పడితే అడ్డుచెప్పను. కానీ బుక్ చేసే ముందు నాలుగు ప్రశ్నలు రాసి పంపించి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. గదికి తలుపు కాక కిటికీ ఉందా? పడుకునే చోటు రాయిలో తొలిచిందా, బయట రాళ్ళతో కట్టిందా? కట్టినదైతే చెమ్మ తక్కువ. టాక్సీ దిగాక ఎన్ని మెట్లు? పన్నుకి రసీదు ఇస్తారా? జవాబు తిప్పి తిప్పి రాస్తే వదిలేయండి. పెద్దవాళ్ళతో అక్టోబరు నుంచి మార్చి లోపు వెళ్తే మాత్రం బస పియానోలోనే తీసుకుని, సాస్సిలోకి పగలు దిగి రండి.