వంకాయ నచ్చిందని పర్షియన్‌లో చెప్పాలంటే: ఒక ఆన్‌లైన్ తరగతి గురించి

టొరంటోలో మా పక్క ఫ్లాటులో ఒక ఇరానీ పెద్దావిడ ఉంటారు. ఏది వండినా మాకొక గిన్నె తెచ్చిస్తారు. ఆవిడతో ఆవిడ భాషలో నాలుగు మాటలు మాట్లాడాలని ఎనిమిది వారాల ఆన్‌లైన్ పర్షియన్ తరగతిలో చేరాను. మిగతా పాఠాలు బాగానే సాగాయి. తిండి విషయంలో ఇష్టాయిష్టాలు చెప్పడం నేర్పే ఆరో పాఠం గురించి మాత్రం వివరంగా రాయాలి.

మొదట ‘దూస్త్ దారమ్’ నేర్పారు. మన దోస్తు అందులోనే ఉన్నాడు కనుక వెంటనే మనసుకెక్కింది. ‘చాయ్ దూస్త్ దారమ్’ అంటే నాకు టీ ఇష్టం. ‘దూస్త్ నదారమ్’ అంటే ఇష్టం లేదు. ఎదురుగా ఉన్న ఫలానా వంటకం గురించైతే దాని పేరు తర్వాత ‘రా’ చేరాలి. మాట్లాడేటప్పుడు అది ‘రో’ అవుతుంది. ఇదంతా బోధకురాలు ఎంతో ఓపికగా చెప్పారు. ఉచ్చారణ రికార్డింగులు కూడా చాలా స్పష్టంగా ఉన్నాయి.

చిక్కంతా ‘ఖోషమ్ మియాద్’ దగ్గర వచ్చింది. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే అర్థం రాసి, రెండూ ఒకటేనని దాటేశారు. అక్కడ నాకు నిజంగా బాధేసింది. ‘ఖోషమ్ మియాద్, ఖోషెత్ మియాద్, ఖోషెష్ మియాద్’ అని పైకి చదివి చూడండి. నాకు నచ్చుతుంది, నీకు నచ్చుతుంది, ఆమెకు నచ్చుతుంది! మనిషి మారినా క్రియ మారదు. ఇంగ్లీషు మీదుగా వెళ్లేవారికి ఇది వింతగా ఉంటుందేమో కానీ, మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటైన వాక్యం. పైగా అప్పుడే రుచి చూసి చెప్పే మాట ‘ఖోషమ్ ఊమద్’. అది అచ్చంగా మన ‘నచ్చింది’. ఎప్పటినుంచో ఉన్న ఇష్టానికి ‘దూస్త్ దారమ్’ సరిపోతుంది.

ఆ తేడా నాకు మా పక్కింటావిడ వంటింట్లోనే తెలిసింది. వేయించి మెదిపిన వంకాయలో పెరుగు నుంచి చేసే పుల్లటి కష్క్ కలిపి, పైన వేయించిన ఉల్లిపాయలు, పుదీనా వేసి పెట్టారు. దాన్ని కష్కె బాదెమ్‌జాన్ అంటారు. ఒక ముద్ద తిని ‘ఖేయ్‌లీ ఖోషమ్ ఊమద్, దస్తెతూన్ దర్ద్ నకొనె’ అన్నాను. మీ చేతికి నొప్పి రాకూడదని ఆ రెండో మాటకు అర్థం. వండి పెట్టినవారికి అలాగే కృతజ్ఞత చెబుతారు. ఆవిడ ‘నూషె జాన్’, అంటే హాయిగా తినమని, అంటూ ఇంకో గరిటె వడ్డించారు.

ఇంకో లోటు కూడా ఉంది. శాకాహారులకు మొట్టమొదట కావలసిన ‘మన్ గూష్త్ నెమీఖోరమ్’, అంటే నేను మాంసం తినను అన్న వాక్యం, పాఠంలో లేదు. నేను అడిగాకే చెప్పారు.

అయినా ఈ తరగతిలో చేరమనే చెబుతాను. ఆరో పాఠానికి వచ్చేసరికి మాత్రం నోటుపుస్తకంలో ఇంగ్లీషు అర్థాలు కొట్టేసి, వాటి పక్కన ‘ఇష్టం’, ‘నచ్చింది’ అని తెలుగులో రాసుకోండి.