లింగాకర్షక బుట్టలు కొనండి, కానీ ఎర ప్యాకెట్ మీద పేరు చదివి కొనండి

దర్శి దగ్గర మాది రెండెకరాల పత్తి. పురుగుని తట్టుకునేలా తయారుచేసిన బీటీ విత్తనమే అయినా గులాబీ రంగు పురుగు దానికి ఎప్పుడో అలవాటు పడిపోయింది, మూడేళ్లుగా దాంతో వేగలేక ఈసారి ఎకరాకి నాలుగు చొప్పున ఎనిమిది బుట్టలు తెచ్చాను. లోపల పెట్టే ఎరకి ఆడపురుగు వాసన ఉంటుంది, దానికి మగ రెక్కల పురుగులు వచ్చి బుట్టలో పడతాయి. ఎరతో కలిపి ఒక్కోటి వంద లోపే పడింది.

బుట్ట బాగానే ఉంది. గరాటు, మూత, కింద పాలిథీన్ సంచి, అంతే. సంచి మాత్రం మరీ పల్చన, గాలికి కర్రకు రాసుకుని రెండు చిరిగితే ఇంట్లో కవర్లు కట్టి సరిపెట్టాను.

అసలు గొడవ ఎరతో. విత్తిన 45 రోజులకి కట్టాను, పది రోజులు చూసినా ఒకటీ అరా తప్ప పడలేదు, పురుగు లేదులే అని సంబరపడ్డాను కూడా. మా బావ వచ్చి, విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డిపూలు నాలుగు తుంచి విప్పితే మూడింట్లో పురుగు! ప్యాకెట్ తిరగేసి చూస్తే అది శనగపచ్చ పురుగు ఎర. ఏ జాతి ఆడపురుగు వాసనకి ఆ జాతి మగదే వస్తుంది కదా, ఇంకేం పడతాయి? షాపాయన మార్చి ఇచ్చాడు గానీ "అన్నీ ఒకటేలే అన్నా" అన్నాడు చూడండి, అక్కడ మండింది నాకు.

సరైన ఎర పెట్టాక రోజూ పొద్దున్నే లెక్కపెట్టాను. బుట్టకి 9, 12, 11. రోజుకి 8 చొప్పున వరుసగా మూడు రోజులు పడితే మందు కొట్టాలన్నది లెక్క, ఆ సాయంత్రమే ప్రొఫెనోఫాస్ లీటరుకి 2 మి.లీ. కలిపి కొట్టించాను. కాయలోకి దూరాక పురుగుని ఏ మందూ అందుకోలేదు, గుడ్డు పగిలి పిల్ల పురుగు బయట తిరిగే ఆ కాసేపే మనకి దొరికేది. ఇన్నాళ్లూ మేం పక్క చేలో పంపు చప్పుడు వినిపిస్తే కొట్టేవాళ్లం! నిరుడు ఆరుసార్లు కొట్టాం, ఈసారి మూడు.

"మగవి పడితే ఏం లాభం, గుడ్లు పెట్టేది ఆడవి కదరా" అని బావ అన్నదీ నిజమే. ఒక్క మగది మిగిలినా చాలా ఆడవాటితో కలుస్తుంది, కాబట్టి ఎకరాకి నాలుగు బుట్టలతో పురుగు పోదు, ఎప్పుడు కొట్టాలో తెలుస్తుంది, అంతవరకే. ఎరలోనే మందు కలిపిన పేస్టు కూడా ఉంటుందట, మొక్కకి చుక్కలా పెడితే మగపురుగు వచ్చి దాన్ని తాకి చస్తుంది. అది నేను వాడలేదు.

బుట్టకి 4 స్టార్లు, షాపుకి 2. నెలకోసారి ఎర మార్చాలి కదా, రెండో విడత ఒంగోలు నుంచి తెప్పించుకున్నాను.