"టెస్టెడ్, వర్కింగ్" అన్నారని పాత స్టీరియో కెమెరా కొనేయకండి

పాత త్రీడీ ఫిల్మ్ కెమెరా కొందామని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టకముందు ఇది ఒకసారి చదవండి. నేనుండేది అమెరికాలో. ఇక్కడే ఆన్‌లైన్‌లో పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర స్టీరియో రియలిస్ట్ అనే పాత త్రీడీ కెమెరా తీసుకున్నాను. "టెస్టెడ్, షట్టర్ బాగా పనిచేస్తోంది" అని రాశాడు. 200 డాలర్లు పోస్తే చేతికొచ్చింది ఒంటికన్ను కెమెరా.

రియలిస్ట్‌ని అమెరికాలోని మిల్వాకీలో డేవిడ్ వైట్ కంపెనీ 1947 నుంచి 1971 దాకా తయారుచేసింది. మామూలు 35 ఎంఎం రీలు మీదే ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటి, ఒకేసారి రెండు ఫోటోలు తీస్తుంది. రెండు లెన్సులకీ షట్టర్ రేకులు, అంటే నొక్కగానే కాసేపు తెరుచుకుని వెలుగుని లోపలికి వదిలే రేకులు ఉంటాయి. తిరకాసంతా అక్కడే. ఒకవైపే సరిగ్గా తెరుచుకున్నా "క్లిక్" మాత్రం నిక్షేపంగా వినిపిస్తుంది. అమ్మేవాడు ఆ చప్పుడు విని టెస్టెడ్ అని రాసేస్తాడు.

పార్సిల్ విప్పాక వెనక తలుపు తీసి, కిటికీ వైపు తిప్పి పట్టుకుని, 1 సెకను స్పీడులో నొక్కి చూశాను. కుడివైపు వెలుగు గుండ్రంగా వెలిగి ఆరింది. ఎడమవైపు రేకులు సగమే విచ్చుకున్నాయి, కుడివి మూసుకున్న తర్వాత గానీ నెమ్మదిగా మూసుకోలేదు. 1/150 సెకను స్పీడు దగ్గరైతే ఎడమది తెరుచుకున్నట్టే కనపడలేదు. ఏళ్ల తరబడి మూలన పడి ఉంటే లోపలి గ్రీజు బంకలా మారుతుంది. అది సహజమే, కెమెరాను తప్పుపట్టను. కానీ ఒక కంటి ఫోటో నల్లగా వస్తే ఇక త్రీడీ ఎక్కడిది?

అడిగితే అమ్మినాయన జవాబు: "క్లిక్ మంటోంది కదండీ, పాత వస్తువు, రిటర్న్ లేదు." రిపేరు చేసేవాళ్లని కనుక్కుంటే దాదాపు కెమెరా ధరంత చెప్పారు.

ఇంకో సంగతి. చాలా రియలిస్టులకి లెన్సుల మీద పైకి లేచే మూత ఉంటుంది. ఆ ప్రకటనలో ఫోటోలన్నీ మూత వేసి తీసినవే! అది తెరిస్తే ఎడమ లెన్సులో పొగ పట్టినట్టు మసక. మూత తెరిచి, టార్చి వేసి రెండు లెన్సులూ చూపించమనండి. ఫంగస్ (బూజు) ఒక్కదానికే ఉన్నా జత చెడినట్టే. వెనక తలుపు తీసి 1 సెకనులో, 1/50లో, 1/150లో నొక్కుతూ వీడియో తీసి పంపమనండి. నసిగితే ఆ బేరం వదిలేయండి. ఇండియాకి తెప్పించుకునేవాళ్లు మరీ జాగ్రత్త. షిప్పింగ్, కస్టమ్స్ డ్యూటీ కట్టాక వాపసు పంపడమంటే పెద్ద టెన్షన్.

నిషికా ఎన్8000 అనే ఇంకో త్రీడీ కెమెరా జోలికి వెళ్లేవాళ్లకి కూడా ఒక మాట. నాలుగు లెన్సులతో పెద్ద ప్రొఫెషనల్ కెమెరాలా కనిపిస్తుంది గానీ షట్టర్ స్పీడు 1/60 ఒక్కటే. పైన ఉన్న డిస్‌ప్లే ఉత్త బొమ్మ. బరువుగా అనిపించడానికి లోపల ఇనప ముక్క పెట్టారు. నాలుగు ఫోటోలనీ వరసగా మారుస్తూ కదులుతున్నట్టు చూపించే సరదా కోసమైతే సరే, కానీ పెద్ద ధర పెట్టే సరుకు కాదు.

మంచి రియలిస్టే దొరికిందనుకోండి. షట్టర్‌ని ప్రతిసారీ నొక్కేముందు లివర్‌తో విడిగా ఎక్కించాలి (బిగించి సిద్ధం చేయాలి). రీలు తిప్పితే దానంతటదే ఎక్కదు. అది తెలియక పాడైందనుకుని బలవంతంగా నొక్కేవాళ్లున్నారు. ఎండలో 100 స్పీడు (ఐఎస్ఓ 100) రీలుకి షట్టర్ 1/150, లెన్సు రంధ్రం సైజు ఎఫ్/11 దగ్గర మొదలుపెట్టండి. అన్నిటికన్నా దగ్గరి వస్తువు 7 అడుగుల అవతల ఉండేట్టు చూసుకోండి, కెమెరాని నిలువుగా తిప్పకండి. వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) రెండు లెన్సుల మధ్య నుంచి చూస్తుంది కాబట్టి లెన్సుకి వేలు అడ్డొచ్చినా మీకు కనపడదు.

రీలు కడిగించేటప్పుడు "కట్ చేయొద్దు, పొడుగ్గా అలాగే ఇవ్వండి" అని కవరు మీద పెద్దక్షరాలతో రాయండి. ఈ కెమెరాలో ఒక జత ఫోటోలు పక్కపక్కన పడవు, మధ్యలో వేరే జతలవి రెండు ఫ్రేములుంటాయి. పైగా ఫ్రేము మామూలు దానికన్నా చిన్నది. ల్యాబ్ వాళ్లు అలవాటు కొద్దీ కత్తిరిస్తే కత్తెర ఫోటో మధ్యలోంచే పోతుంది.