ట్రాన్స్‌లేషన్స్ నాటకం కోసం డబ్లిన్, డెరీ, డోనెగాల్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

2022 వేసవిలో ట్రాన్స్‌లేషన్స్ అనే ఐరిష్ నాటకం చూడ్డానికి వెళ్లాం. డబ్లిన్‌లో అది ఆడిన ఆబీ థియేటర్‌కి ఐదు నిమిషాల నడకలో గది. రాత్రికి 218 యూరోలు, రెండు రాత్రులకు 436, ముందే కట్టాలి, రద్దు చేసుకున్నా పైసా వెనక్కి రాదు. తీరా వెళ్తే అది హోటల్ కాదు, లిఫ్టు లేని పాత ఇల్లు. 57 మెట్లు. రిసెప్షన్ అనేదే లేదు. తలుపు తెరిచే కోడ్ ఎస్సెమ్మెస్‌లో వస్తుందన్నారు, ఇండియా నంబరుకి అది రాలేదు. సహాయం కోసం ఇచ్చిన ఫోన్‌కి చేస్తే రికార్డు చేసిన గొంతు. గది 4 గంటలకి గానీ ఇవ్వరట, సామాను పెట్టుకోవడానికి రెండు వీధుల అవతల కొట్టుంది, పెట్టెకి 7 యూరోలు. మూడు పెట్టెలకి 21. ఇవి చాలక క్రెడిట్ కార్డు మీద 100 యూరోల డిపాజిట్ బ్లాకు చేశారు. అది వదలడానికి 17 రోజులు పట్టింది.

గది కిటికీ ఒక పబ్బు వెనక పెరట్లోకి. శనివారం రాత్రి రెండున్నర దాకా పాటలు, ఆ తర్వాత ఖాళీ సీసాలు డబ్బాల్లో పోస్తున్న చప్పుడు. మాతో వచ్చిన వదిన పొద్దున్నే పెట్టె సర్దేసి కూర్చుంది. "నాటకం చూడ్డానికి సురభి వాళ్ల డేరా దగ్గరికెళ్లినా ఇంతకన్నా బాగా పడుకునేవాళ్లం" అంది. ఆవిడకి సముద్రం ఒడ్డున ఉండే మోహర్ కొండలు చూడాలని ఉండింది, ఈ నాటకం గొడవ ఆవిడ పెట్టింది కాదు.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే తప్పించుకోవచ్చు. 2022 వేసవిలో కోవిడ్ తర్వాతి పర్యాటకులంతా ఒక్కసారిగా వచ్చిపడ్డారు. చాలా హోటల్ గదుల్ని ఉక్రెయిన్ శరణార్థుల కోసం ప్రభుత్వమే తీసుకుంది. మిగిలిన వాటికి ఎంత చెబితే అంత. కాబట్టి బుక్ చేసేముందు నాలుగు సంగతులు రాతపూర్వకంగా అడగండి: మనిషి ఉండే రిసెప్షన్ ఉందా, లిఫ్టు ఉందా, సామాను అక్కడే పెట్టుకోనిస్తారా, కోడ్ ఈమెయిల్‌లో పంపుతారా. "సిటీ వ్యూ" అన్న మాట కనిపిస్తే ఆ గది వదిలేయండి. వేసవి సెలవుల్లో ట్రినిటీ కాలేజీ విద్యార్థుల గదుల్ని అద్దెకిస్తుంది, అక్కణ్ణుంచి నది దాటితే పది నిమిషాల్లో థియేటర్. ఆ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది.

విమానాశ్రయం నుంచి టాక్సీ అక్కర్లేదు. 41 నంబరు సిటీ బస్సు ఎక్కితే థియేటర్ ఉన్న లోయర్ ఆబీ వీధిలోనే దింపుతుంది. లీప్ కార్డుతో (బస్సులకీ ట్రాములకీ అక్కడ వాడే ప్రీపెయిడ్ కార్డు) మేం వెళ్లినప్పుడు 2 యూరోలు, ఆ చార్జీ మీదే 90 నిమిషాల్లోపు ఇంకో బస్సో ట్రామో మారొచ్చు. చిల్లర ఇస్తే ఎక్కువ పడుతుంది, మిగిలింది తిరిగివ్వరు.

ఇక నాటకం. టికెట్టు ఆ గది ఒక రాత్రి అద్దెలో పావు వంతు కూడా కాలేదు, ఈ ప్రయాణం మొత్తంలో డబ్బుకి తగ్గ సరుకు దొరికింది అక్కడే.

బ్రయన్ ఫ్రీల్ రాసిన ట్రాన్స్‌లేషన్స్ మొదటిసారి 1980 సెప్టెంబరు 23న ఉత్తర ఐర్లండ్‌లోని డెరీ ఊరి గిల్డ్‌హాల్‌లో, అంటే టౌన్‌హాల్లో, ఆడింది. ఫ్రీల్, నటుడు స్టీవెన్ రే కలిసి పెట్టిన ఫీల్డ్ డే కంపెనీకి అదే తొలి నాటకం. అప్పటికింకా హాలీవుడ్ ఎరగని లియమ్ నీసన్ అందులో పల్లెటూరి కుర్రాడు డోల్టీ వేషం వేశాడు. 2022లో ఆబీ, బెల్‌ఫాస్ట్ లిరిక్ థియేటర్లు కలిసి దాన్ని మళ్లీ నిలబెట్టాయి, ముందు బెల్‌ఫాస్ట్‌లో, వేసవిలో డబ్లిన్‌లో. దర్శకురాలు కట్రీనా మక్‌లాక్లిన్‌ది డోనెగాలే, అంటే కథ జరిగే ప్రాంతమే.

కథాకాలం 1833 ఆగస్టు చివర, ఊరు బాలీబెగ్. ఒక కొట్టంలో వీధిబడి. అవును, అచ్చం మన వీధిబడే, తాగుబోతు పంతులు హ్యూ లాటిను, గ్రీకు చెబుతుంటాడు. కొత్తగా ప్రభుత్వ బడి వస్తోంది, అందులో అంతా ఇంగ్లీషే. అదే సమయంలో బ్రిటిష్ సైనికులు దేశమంతా కొలిచి, మైలుకి ఆరంగుళాల పటం గీయడానికి దిగుతారు. పంతులి చిన్న కొడుకు ఓవెన్ వాళ్లకి దుబాసీ. కెప్టెన్ చెప్పిన కటువైన మాటల్ని ఊరివాళ్లకి తియ్యగా మార్చి చెబుతాడు. బ్రిటిష్ సర్వేయరు కర్నల్ మెకంజీకి దుబాసీలుగా ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, పోగుచేసిన కావలి సోదరులు తెలిసిన తెలుగువాళ్లకి ఈ ఓవెన్ కొత్తవాడేం కాదు.

మొదటిసారి చూసేవాళ్లు తికమకపడే చోటొకటుంది. స్టేజి మీద అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు, కానీ ఊరివాళ్లు మాట్లాడేది ఐరిష్ అని మనం అనుకోవాలి. అందుకే ఇంగ్లీషు సైనికుడు మాట్లాడితే ఊరి అమ్మాయి మెయిరాకి అర్థం కాదు, ఆమె మాట అతనికి అర్థం కాదు, మనకి మాత్రం రెండూ అర్థమవుతాయి. రెండో అంకంలో వాళ్లిద్దరూ ఊళ్ల పేర్లు ఒకటొకటిగా చెప్పుకుంటూ దగ్గరయ్యే సీను ఈ కిటుకు మీదే నడుస్తుంది. ఇది ముందు తెలియకపోతే ఆ సీను సగం పోతుంది. వదినకి చెప్పకుండా తీసుకెళ్లడం మా తప్పే. విరామంలో అడిగింది, "ఇద్దరూ ఇంగ్లీషే కదా, మరి గొడవేంటి?" చెప్పాక రెండో సగంలో ఒక్కసారీ ఫోన్ తియ్యలేదు.

డోనెగాల్ యాస మన చెవికి గట్టి పరీక్ష. నాటకం మళ్లీ ఆడినప్పుడు, మాటలు తెర మీద చూపించే ప్రదర్శన ఏ రోజో థియేటర్ ముందే ప్రకటిస్తుంది, ఆ రోజు టికెట్టే తీసుకోండి. నాటకం పుస్తకం చిన్నది, విమానంలో అయిపోతుంది. దిగిన రోజు రాత్రి ఆటకి మాత్రం టికెట్టు పెట్టుకోకండి. ఏడున్నర ఆటలో తొమ్మిదయ్యేసరికి మన ఒంటికి అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. మా పక్కనే ఒకాయన హాయిగా గురకపెట్టాడు.

డబ్లిన్‌లో మిగతా రోజు మామూలే. పటాలు గీసిన ఆఫీసు ఫీనిక్స్ పార్కులోని మౌంట్‌జాయ్ హౌస్, కానీ అది ఆఫీసు, లోపల చూసేదేం లేదు.

మూడో రోజు ఉత్తరానికి. ఇక్కడే చాలామంది తెలుగువాళ్లు పొరబడతారు. డెరీ యుకెలో ఉంది, డోనెగాల్ ఐర్లండ్‌లో ఉంది. సరిహద్దు దగ్గర గేటు ఉండదు కాబట్టి వీసా అక్కర్లేదనుకుంటారు, కావాలి. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు ఐరిష్ షార్ట్ స్టే వీసా తీసుకుంటే దాని మీద బి.ఐ.వి.ఎస్. (బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్) అన్న అక్షరాలు పడ్డాయో లేదో చూసుకోవాలి, పడితేనే అది యుకెకి కూడా పనికొస్తుంది. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో చదువుకునే, ఉద్యోగం చేసే మనవాళ్లకి యుకె ఇచ్చిన నివాస అనుమతి ఐర్లండ్‌లో చెల్లదు, విడిగా వీసా తీసుకోవాలి.

డబ్లిన్ నుంచి డెరీకి నాలుగు గంటల్లో బస్సు ఉంది. మేం రైలే ఎక్కమంటాం, బెల్‌ఫాస్ట్‌లో మారాలి, ఒక్కో రైలుకి సుమారు రెండేసి గంటలు. డెరీ రైల్లో కుడివైపు కూర్చోండి. కాసిల్‌రాక్ దాటాక సముద్రం, ఆపైన మగిలిగన్ మైదానం, తర్వాత ఫోయిల్ ఖాతం ఒడ్డు. 1827, 28లో ఆ పటాల పని నడిపించిన కర్నల్ కోల్‌బీ ఐర్లండ్ పటానికంతటికీ ఆధారమైన గీతని ఎనిమిది మైళ్ల మేర కొలిచింది ఈ నేల మీదే. ఇనుప కడ్డీ ఎండకి సాగితే లెక్క తప్పుతుంది, అందుకని ఇనుము, ఇత్తడి కడ్డీలు జతచేసి, ఎండ కాసినా చుక్కల మధ్య దూరం మారకుండా పదడుగుల కొలబద్దలు చేయించాడు. ఇండియాలో సర్వే చేయించిన జార్జ్ ఎవరెస్ట్ 1829లో ఐర్లండ్ వచ్చి వాటిని చూసి, అలాంటివే ఇండియాకి పట్టుకెళ్లాడు. 1841లో నిజాం రాజ్యంలోని బీదర్ దగ్గర గీత కొలిచింది వాటితోనే. ఆ కిటికీలోంచి కనిపించేది చదునైన పచ్చిక, ఆవులు, అంతే. కానీ మన పటాలకి అది దాయాది భూమి.

డెరీలో పౌండ్లు కావాలి, యూరోలు సరిగ్గా మారవు. గిల్డ్‌హాల్‌లోకి ప్రవేశం ఉచితం, ఊరి చుట్టూ కోటగోడ కిలోమీటరున్నర, అదీ ఉచితమే. గంటన్నర చాలు.

కారు డెరీలో తీసుకున్నాం, రెండు రోజులకి 134 పౌండ్లు. సరిహద్దు దాటతామని కౌంటర్లో ముందే చెప్పండి, లేకపోతే ఇన్సూరెన్స్ వర్తించదు. ఉత్తరాన బోర్డులు మైళ్లలో, దాటగానే కిలోమీటర్లలో. డెరీ కారు మీటరు మైళ్లలో ఉంటుంది, అందుకని 80 అన్న బోర్డు చూసి ముల్లుని 80కి తెస్తే గంటకి 128 కిలోమీటర్లు, సన్నటి రోడ్డు మీద. 50 దగ్గర ఆపాలి.

సరిహద్దు దాటగానే బర్న్‌ఫుట్. నాటకంలో ఇంగ్లీషు చేసే పేర్లలో ఇదొకటి, బున్ న హౌన్ అన్న పాత పేరు మీద ఓవెన్, సైనికుడు తలలు బద్దలుకొట్టుకుంటారు. బోర్డు మీద పైన వాలు అక్షరాల్లో ఐరిష్, కింద నిలువు అక్షరాల్లో ఇంగ్లీషు. పెట్రోల్ బంకు పక్కన ఉన్న మామూలు ఊరు, ఆగి ఫొటో తీసుకునేవాళ్లు కూడా లేరు. రాజమహేంద్రవరాన్ని రాజమండ్రి అంటూ పెరిగిన వదిన ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడింది.

అక్కణ్ణుంచి పడమటికి, ఐరిష్ మాట్లాడే ప్రాంతంలోకి వెళ్తే బోర్డుల మీద ఇంగ్లీషే ఉండదు. 2005 నుంచి అదే చట్టం. డంగ్లో అనే ఊరికని జీపీఎస్ పెడితే బోర్డు మీద అన్ క్లోఖాన్ లీయ అని ఉంటుంది, రెండింటికీ ఒక్క అక్షరం పోలిక లేదు. మేం రెండుసార్లు దాటిపోయాం. బయల్దేరేముందు ఐరిష్ పేర్లు కాగితం మీద రాసుకోండి. కొండల మధ్య సిగ్నల్ పోతుంది.

రాత్రి బస ఒక పల్లెటూరి ఇంట్లో, ఇద్దరికి 90 యూరోలు, పొద్దుటి ఫలహారంతో. శాకాహారులమని ఒకరోజు ముందు చెప్పాం. ఆ ఫలహారం మామూలుగా పంది మాంసం, సాసేజీలు, నల్ల పుడ్డింగు. పుడ్డింగన్న పేరు చూసి తీపి అనుకోకండి, అది రక్తంతో చేసేది. ఆ ఇంటావిడ మాకోసం అప్పుడే తవ్విన బంగాళాదుంపలు తొక్కతోనే ఉడికించి, పగిలినచోట వెన్న వేసి, వేడి సోడా రొట్టెతో పెట్టింది. దుంప పిండిలా పొడిపొడిగా విడిపోతుంది, మన దుంపలా బంకగా ఉండదు. వదిన సంచిలోంచి ఆవకాయ తీసింది. ఇంటావిడ ఒక వేలు ముంచి, నాలుక్కి రాసుకుని, నీళ్లు తాగి, మళ్లీ ముంచింది. నాటకంలో పొలాల మీంచి తియ్యటి వాసన వస్తోందా అని ఊరివాళ్లు భయపడుతుంటారు, దుంపకి తెగులు పడితే వచ్చే వాసన అది. ఆ తెగులు నిజంగా వచ్చింది 1845లో. ఆ మాట ఎత్తగానే ఆవిడ కిటికీలోంచి కొండవాలు చూపించింది, పచ్చికలో ఇంకా కనిపిస్తున్న పాత దుంప చాళ్లు.

మళ్లీ వెళ్తే డబ్లిన్‌లో ఒకే రాత్రి, ఇక్కడ మూడు. 218 పెట్టిన చోట నిద్ర లేదు, 90 పెట్టిన చోట రెండోసారి వడ్డించారు.

తిరిగి వచ్చేటప్పుడు డెరీ నుంచి నేరుగా డబ్లిన్ విమానాశ్రయానికే బస్సుంది. పాస్‌పోర్టు కింద పెట్టెలో పడేయకండి. సరిహద్దు దాటాక ఒక్కోసారి పోలీసులు బస్సాపి, ఎక్కి అడుగుతారు, అప్పుడు డ్రైవరు సామాను తలుపు తీసి పెట్టెలన్నీ దింపాల్సి వస్తుంది.