ఫ్లవర్‌హార్న్, బ్లడ్ ప్యారట్: ఏది ఎక్కువ కాలం బతుకుతుంది?

హైదరాబాద్ ఇళ్లలో పెంచే ఈ రెండు సంకర చేపలూ మధ్య అమెరికాలోని సిక్లిడ్ అనే మంచినీటి చేపల కుటుంబం నుంచి వచ్చినవే. సరిగా చూసుకుంటే రెండూ పదేళ్లు, ఆపైన కూడా బతకగలవు. ఫ్లవర్‌హార్న్ సహజంగా గట్టిదే గానీ, నుదుటి బొడిపె పెరగాలని అతిగా మేపి, నీళ్లు మార్చడంలో అశ్రద్ధ చేస్తే తల మీద గుంటలు పడే జబ్బుతో ముందే పోతుంది.

తైవాన్‌లో రూపొందిన బ్లడ్ ప్యారట్‌కు చిక్కు పుట్టుకతోనే వస్తుంది: నోరు పూర్తిగా మూసుకోదు కాబట్టి మేతను గొంతులోని పళ్లతోనే నలుపుకోవాలి, వంగిన వెన్నుతో ఈదడమూ కష్టమే. మునిగే చిన్న గుళికలు వేసి, దూకుడు చేపలకు దూరంగా ఉంచితే ఆ లోపంతోనే పది, పదిహేనేళ్లు నెట్టుకొస్తుంది (సూదితో రంగు ఎక్కించినదాన్ని మాత్రం కొనకండి). బోరునీటి కాఠిన్యం రెండింటికీ పెద్ద ఇబ్బంది కాదు; నల్లా నీటిలోని క్లోరిన్‌ను పోగొట్టాకే తొట్టిలో పోయాలి. ఒంటరిగా ఒక్క చేపనే పెంచదలచినవారికి నా ఓటు ఫ్లవర్‌హార్న్‌కే.