మూడు ల్యాప్‌టాప్‌లు, మూడు రకాల వారంటీలు: అమలాపురం నుంచి ఆరేళ్ళ అనుభవం

అమలాపురంలో పన్నుల లెక్కలు చూసే చిన్న కార్యాలయం నాది. మా పార్టీల్లో ఎక్కువమంది అంబాజీపేట కొబ్బరి వర్తకులు, మిగిలినవారు రైసు మిల్లుల వారు, రొయ్యల మేత డీలర్లు. నెలవారీ జీఎస్టీ రిటర్నులు వేసేవారికి 11వ తేదీ ఒక గడువు, 20వ తేదీ మరొక గడువు. ఆ రోజుల్లో ల్యాప్‌టాప్ ఆగిపోతే ఆలస్య రుసుము, వడ్డీ పార్టీల మీద పడతాయి, మాట నా మీద పడుతుంది. అందువల్ల 2019 నుంచి మా కార్యాలయంలో వాడిన మూడు యంత్రాలకు జరిగిన ప్రతి మరమ్మతునూ తేదీతో, ఖర్చుతో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకునే ఈ సమీక్ష రాస్తున్నాను. కంపెనీల పేర్లు చెప్పడం లేదు. ఒకే కంపెనీ సేవ హైదరాబాదులో ఒకలాగా, కోనసీమలో మరొకలాగా ఉండడం నేను చూశాను కనుక, ఇక్కడివారికి బ్రాండు పేరు కంటే వారంటీ రకం తెలియడమే ఎక్కువ అవసరమని నా నమ్మకం.

మొదటి యంత్రం 2019 జూన్‌లో కొన్న 14 అంగుళాల వ్యాపార శ్రేణి ల్యాప్‌టాప్. దానికి కంపెనీ నుంచే మూడేళ్ళ ఆన్‌సైట్ వారంటీని, అంటే ఇంజనీరే మన చోటికి వచ్చి బాగుచేసే వారంటీని, ప్రమాదవశాత్తు జరిగే నష్టానికి రక్షణతో కలిపి, అదనంగా 7,800 రూపాయలు పెట్టి తీసుకున్నాను. రెండవది 2021 ఫిబ్రవరిలో మా సహాయకుడి కోసం కొన్నది. దానికి ఒక్క ఏడాది క్యారీ-ఇన్ వారంటీ మాత్రమే ఉంది. అంటే పాడైనప్పుడు మనమే సర్వీసు సెంటరుకు మోసుకుపోవాలి. ఆ ఏడాది తరువాత మరో రెండేళ్ళు వర్తించే ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటూ దుకాణం వారు ఇంకో పథకాన్ని 4,500 రూపాయలకు అమ్మారు. మూడవది 2016 నాటి పాత యంత్రం. దానికి ఏ వారంటీ లేదు, మా ఊరి మెకానిక్కే దిక్కు.

క్యారీ-ఇన్ అన్న మాట పెట్టె మీద చదివినప్పుడు చిన్నదిగానే కనిపిస్తుంది. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. నా ల్యాప్‌టాప్ కంపెనీకి దగ్గరి అధీకృత సర్వీసు సెంటరు రాజమండ్రిలో ఉంది. రావులపాలెం మీదుగా బస్సులో రానూపోనూ 120 కిలోమీటర్లకు తక్కువ కాదు, ఒక పూట పని పోతుంది. అప్పగించడానికి ఒకసారి, తెచ్చుకోవడానికి ఒకసారి, మధ్యలో ఏదైనా కాగితం తక్కువైందంటే మూడవసారి వెళ్ళాలి.

2022లో సంక్రాంతి వెళ్ళిన రెండు రోజులకు, జనవరి 17న, ఆ రెండవ యంత్రం అసలు వెలగడం మానేసింది. రాజమండ్రి తీసుకువెళితే కౌంటరులోని అమ్మాయి అడుగున ఉన్న సీరియల్ నంబరు కొట్టి చూసి, వారంటీ డిసెంబరులోనే ముగిసిందని చెప్పింది. నా బిల్లు తేదీ 2021 ఫిబ్రవరి 8. కంపెనీ కంప్యూటరులో మాత్రం యంత్రం డీలరుకు చేరిన తేదీ నుంచి వారంటీ మొదలైంది. అసలు బిల్లు నా సంచిలో ఉండబట్టి దాని ఫోటో పంపించి తేదీ సరిచేయించుకోగలిగాను, దానికే మూడు రోజులు పట్టింది. కొన్న వారంలోనే కంపెనీ వెబ్‌సైటులో సీరియల్ నంబరు పెట్టి వారంటీ తేదీలు చూసుకుని, తేడా ఉంటే అప్పుడే బిల్లు పంపి దిద్దించుకుంటే ఈ తిప్పలు ఉండవు. తరువాత మదర్‌బోర్డు, అంటే లోపలి ప్రధాన బోర్డు, తెప్పించి మార్చారు. మొత్తం 19 రోజులు.

ఇంటికి తెచ్చి మీట నొక్కగానే తెరంతా నీలిరంగయి, 48 అంకెల రికవరీ కీ ఇవ్వమని అడిగింది. ఈ విషయం సర్వీసు సెంటరులో ఎవరూ ముందుగా చెప్పలేదు. ఇప్పటి విండోస్ యంత్రాల్లో చాలావాటికి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించగానే డిస్కు తనంత తానే గుప్తీకరణ అవుతుంది, అంటే అందులోని డేటాకు తాళం పడుతుంది. దాని తాళం మదర్‌బోర్డు మీదున్న టీపీఎం అనే భద్రతా చిప్పుతో ముడిపడి ఉంటుంది. బోర్డు మారితే ఆ ముడి తెగుతుంది కాబట్టి యంత్రం కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది, కానీ మా యంత్రాన్ని మొదట సిద్ధం చేసిన దుకాణం కుర్రవాడు నన్ను అడగకుండా దుకాణం వారి మెయిల్‌తోనే ఖాతా తెరిచాడు. అతను ఉద్యోగం మాని భీమవరం వెళ్ళిపోయాడు. అతని ఫోను నంబరు సంపాదించి, అతని చేత ఆ ఖాతా తెరిపించి, అంకెలు ఒక్కొక్కటిగా చెప్పించుకుని కొట్టేసరికి రాత్రి పదిన్నర దాటింది. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేరు డేటా పెన్‌డ్రైవులో రోజూ తీసి పెట్టే అలవాటు ఉంది కనుక ప్రాణం కుదుటగానే ఉంది. లేకపోతే పదకొండు పార్టీల లెక్కలు ఆ నీలితెర వెనకే ఉండిపోయేవి. యంత్రాన్ని ఏ సర్వీసుకు ఇచ్చినా ఆ కీని ముందుగా కాగితం మీద రాసుకోండి. డేటా పోతే బాధ్యత మాది కాదని జాబ్‌షీటు మీద స్పష్టంగానే అచ్చు వేసి ఉంటుంది.

ఆన్‌సైట్ వారంటీ విలువ నాకు తెలిసి వచ్చింది 2021 ఏప్రిల్‌లో. అంబాజీపేట నుంచి వచ్చిన ఒక పార్టీ బిల్లుల కట్టతో పాటు బొండాలు తెచ్చారు. గ్లాసులో పోసి బల్ల మీద పెట్టిన నీళ్ళు, కట్ట లాగేటప్పుడు ఒరిగి, సగం గ్లాసు కీబోర్డులోకి దిగిపోయాయి. మంచినీళ్ళయితే ఆరబెట్టి చూద్దామనుకోవచ్చు. బొండం నీళ్ళలో పొటాషియం లవణాలూ చక్కెరా ఉంటాయి, అవి కరెంటును బాగా పోనిస్తాయి, ఆరిన తరువాత జిగటగా మిగిలి రాగి తీగల్ని తినేస్తాయి. వెంటనే ఛార్జరు పీకి, మీట పట్టి ఆపి, యంత్రాన్ని బోర్లించి పెట్టాను. సాధారణ వారంటీలో ద్రవం పడిన నష్టం ఎక్కడా చెల్లదు. ప్రమాద రక్షణ ఉంది కాబట్టి టోల్‌ఫ్రీ నంబరుకు ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

అది శుక్రవారం. మరుసటి పనిదినం వస్తామన్నది కంపెనీ మాట, కానీ విడిభాగం డిపో నుంచి రాజమండ్రి చేరిన తరువాతే ఇంజనీరు బయలుదేరతాడు. మంగళవారం ఉదయం వచ్చాడు. నా బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, వెనక పలక విప్పి, తీసిన స్క్రూలను ఏ వరసలో తీశాడో అదే వరసలో గుడ్డ మీద పేర్చుకున్నాడు. కీబోర్డు ఎత్తగానే బోర్డు మూలన తేనెరంగు మరక కనిపించింది. “ఆ రోజే ఆపేసి మంచి పని చేశారండి మాస్టారూ, ఇంకో గంట ఆడించి ఉంటే డిస్కు కూడా పోయేదండి” అన్నాడు. కీబోర్డు, మదర్‌బోర్డు రెండూ మార్చి, గంటా పది నిమిషాల్లో వెలిగించి చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. నేను కట్టింది సున్నా. అదే పని సొమ్ము పెట్టి చేయిస్తే ఎంత అవుతుందని అడిగితే, ఆ బోర్డు ఒక్కటే 24,000 రూపాయల పైమాట అని చెప్పాడు. మూడేళ్ళకు నేను కట్టిన 7,800 రూపాయలు ఆ ఒక్క ఉదయంతోనే తీరిపోయాయి.

అయితే ఆన్‌సైట్ పథకానికీ హద్దులున్నాయి, వాటిని కొనక ముందే చదవాలి. నా పథకంలో ప్రమాద రక్షణ ఏడాదికి ఒక్కసారే. యంత్రానికి మూడేళ్ళ వారంటీ ఉన్నా బ్యాటరీకి ఒక్క ఏడాదే అని రెండవ పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. 2021 చివరలో బ్యాటరీ గంట కూడా నిలవనప్పుడు 5,200 రూపాయలు నేనే పెట్టుకున్నాను. 2022 జూలై వరదల్లో లంక గ్రామాల వైపు దారులు మునిగి ఉండగా స్పీకరు మార్చడానికి రావలసిన ఇంజనీరు తొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చాడు. వారంటీ గడువు అంతకు ముందు నెలలోనే ముగిసినా, ఫిర్యాదు గడువు లోపల నమోదైంది కనుక అభ్యంతరం చెప్పలేదు. ఆ వరదల్లో ఆలస్యాన్ని నేను తప్పుపట్టలేను.

దుకాణం వారి పథకం గురించి మాత్రం నా మనసు ఇంకా నొచ్చుకునే ఉంది. అది ల్యాప్‌టాప్ కంపెనీ వారంటీ కాదు, వేరే సంస్థ నడిపే పథకం అని నాకు తెలిసింది మొదటి క్లెయిము పెట్టినప్పుడే. 2023 జూన్‌లో తెర మడత దగ్గర హింజి విరిగితే, అది భౌతిక నష్టమని, పథకంలోకి రాదని రెండు వాక్యాల మెయిల్ పంపారు. మూత రోజుకు పదిసార్లు తెరిచి మూసే వస్తువు, వాడుకలో బిగుసుకుపోయి విరిగిందని నేను ఎంత చెప్పినా వినలేదు. అక్టోబరులో తెర మీద నిలువు గీతలు వచ్చినప్పుడు క్లెయిము ఒప్పుకున్నారు కానీ, రెండవ ఏడాది కనుక భాగం ధరలో 30 శాతం నేనే కట్టాలని తరుగు లెక్క, అంటే వాడిన కొద్దీ విలువ తగ్గుతుందనే లెక్క, చూపించారు. లెక్కలు చూసే వృత్తిలో ఉండి తరుగు అన్న మాటను ఆ కాగితంలో ముందే వెతకకపోవడం నా పొరపాటు. అది ఒప్పుకుంటాను. కానీ ఇరవై రోజులు దాటినా యంత్రాన్ని తీసుకువెళ్ళడానికి ఎవరూ రాకపోవడం వారి తప్పే. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి, బిల్లు, పథకం కాగితం, మెయిళ్ళు జతపరిచి ఫిర్యాదు నమోదు చేశాను. ఆరవ రోజున ఆ సంస్థ నుంచే ఫోను వచ్చింది, తరువాతి వారంలో తెర మార్చారు.

ఆ ఫిర్యాదు పనిచేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలనే అనుకున్నాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, కొన్న వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు, వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళ లోపు వేయాలి. నాలాంటి వారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: వాణిజ్యం కోసం కొన్నవారిని ఆ చట్టం వినియోగదారుడిగా లెక్కించదు, అయితే స్వయం ఉపాధితో జీవనం సాగించడానికి స్వయంగా వాడుకునే వస్తువుకు మినహాయింపు ఉంది. సంస్థ పేరున, జీఎస్టీ నంబరు వేయించి బిల్లు తీసుకుంటే పన్ను క్రెడిట్ వస్తుంది కానీ, రేపు ఫిర్యాదులో అవతలివారు పట్టుకునే మొదటి మాట అదే అవుతుంది.

ఇక పాత యంత్రం. గడియారస్తంభం దగ్గరి సందులో ఒక గదిలో కూర్చునే కుర్రవాడే దానికి వైద్యుడు. 2020 వానాకాలంలో ఛార్జింగు ఎక్కడం మానేస్తే తీసుకువెళ్ళాను. వెనక పలక విప్పి, దీపం కిందికి జరిపి, “చూడండి బాబాయ్ గారూ, ఇది ఈ రోజుది కాదండి” అంటూ ఛార్జింగు పిన్ను పక్కన ఆవగింజంత పచ్చటి పొక్కు చూపించాడు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలి, తేమ కలిసి రాగికి పట్టించే చిలుము అది. మల్టీమీటరు ముల్లు ఆనిస్తే, కరెంటు పోయే దారి బాగుంటే కూత రావాలి, అక్కడ రాలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పళ్ళ కుంచెతో రుద్ది, పిన్ను మార్చి, మళ్ళీ ముల్లు ఆనించి కూత వినిపించి, పాత పిన్నును నా చేతిలో పెట్టి 900 రూపాయలు తీసుకున్నాడు. కంపెనీ సర్వీసులో ఇలాంటి పనికి బోర్డు మొత్తం మార్చాలంటారు, ఎందుకంటే వాళ్ళు చిప్పుల స్థాయిలో మరమ్మతు చేయరు. ఆ యంత్రం ఆ తరువాత నాలుగేళ్ళలో అతని చేతికి మరో మూడుసార్లు వెళ్ళింది. నాలుగింటికీ కలిపి 6,350 రూపాయలు అయ్యాయి, తన దగ్గరే చేసిన పనికి ఎప్పుడూ మూడు రోజులకు మించి ఆపలేదు.

అతని దగ్గర ఇబ్బంది లేదని అనను. బిల్లు ఇవ్వడు, నెల రోజుల నోటిమాట హామీయే ఉంటుంది. బోర్డు షార్టు అయినప్పుడు తన దగ్గర పరికరం లేక సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోని స్నేహితుడికి పంపాడు, డిస్కు ముందే తీసి నాకిచ్చిన తరువాతే పంపాడని చెప్పడం న్యాయం. ఒకసారి తక్కువ ధరకు వస్తుందని నేనే పట్టుబట్టి డూప్లికేట్ బ్యాటరీ వేయించుకున్నాను. ఎనిమిది నెలల్లో అది ఉబ్బి టచ్‌ప్యాడును పైకి నెట్టింది. వద్దని అతను రెండుసార్లు చెప్పాడు. ఉబ్బిన బ్యాటరీకి నిప్పంటుకునే ప్రమాదం ఉంది, దానితో యంత్రాన్ని ఒక్క గంట కూడా ఆడించకూడదు.

2025లో మొదటి యంత్రం స్థానంలో కొత్తది కొన్నప్పుడు, ధర మాట్లాడక ముందే కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోను చేసి, మా పిన్‌కోడు చెప్పి, ఆన్‌సైట్ సేవ ఇక్కడికి వర్తిస్తుందా అని అడిగాను. ఒక కంపెనీ వారు అమలాపురానికి క్యారీ-ఇన్ మాత్రమేనని నిజాయితీగా చెప్పారు, వారి యంత్రం నాకెంతో నచ్చినా వదులుకున్నాను. ఇంకొకరు వస్తామని మెయిల్‌లో రాసి ఇచ్చారు. వారి దగ్గరే మూడేళ్ళ ఆన్‌సైట్, ప్రమాద రక్షణ, విడిగా మూడేళ్ళ బ్యాటరీ వారంటీ కలిపి 11,200 రూపాయలకు తీసుకున్నాను. ఇంట్లో పాఠాలు చదువుకునే మా మేనకోడలి ల్యాప్‌టాప్‌కు మాత్రం ఏ పథకమూ వద్దని చెప్పాను. అది రెండు వారాలు లేకపోయినా చదువు ఆగదు, ఏడాది తరువాత పాడైతే సందులో కుర్రవాడు ఉన్నాడు. నా కొత్త యంత్రం ఖాతాను నా మెయిల్‌తో నేనే తెరిచాను. రికవరీ కీ, బిల్లు నకలు, సీరియల్ నంబరు, ఆన్‌సైట్ సేవకు వస్తామని కంపెనీ రాసిన మెయిల్ అచ్చు ప్రతి ఒక కవరులో పెట్టి దస్తావేజుల బీరువాలో ఉంచాను, అది ఎక్కడుందో మా సహాయకుడికీ చెప్పాను.